మొదటి ఏడాది లేని దాన్ని

నాకు ఎక్కడా మొదటి ఏడాది లేదు.
డిప్లొమాలో రెండో ఏడాదికి చేరాను
ఇంజనీరింగులోనూ రెండో ఏడాదికే.
అప్పటికే బెంచీల పంపకాలైపోయాయి
ఎవరి పక్కన ఎవరో తేలిపోయింది
స్వాగతం రోజున పంచిన గులాబీలు
ఎవరి పుస్తకాల్లోనో ఎండిపోయాయి.

హాజరుపట్టీలో మా పేర్లు
అక్షరక్రమంలో ఉండవు.
అరవైమంది అయిపోయాక ఒక గీత
గీత కింద ఆరుగురం
లేటరల్ ఎంట్రీ.
అమ్మకెలా చెప్పాలో తెలీక
“పక్కగుమ్మం” అన్నాను.
“ఏ గుమ్మమైతే ఏటే,
నోపలికెల్లినావా నేదా?” అంది
జుట్టులో జనపపీచు దులుపుకుంటూ.

నెల్లిమర్లలో మిల్లు మూసిన ఏడు
నా ఇంటర్.
కాలేజీలో లెక్కల పోస్టు ఖాళీ.
ఆ ఖాళీనే రెండేళ్లు చదివాం.
విశాఖలో నా ఈడువాళ్లు
రోజుకో పరీక్ష రాసి
తప్పులు లెక్కబెట్టుకుని నిద్రపోయేవాళ్లట.
ప్రశ్నపత్రం అందరికీ ఒకటే
కాబట్టి న్యాయమే అన్నారు.
నా ర్యాంకు ఆరంకెలు.

“ఆడపిల్లకి ఫిట్టరేటమ్మా,
కుట్టుపని ఉంది కదా” అన్నాడు
విజయనగరం ఐటీఐలో గుమస్తా.
దాలినాయుడు మాస్టారు ఏమీ అనలేదు.
ఇనపముక్క, ఆకురాయి చేతిలో పెట్టారు.
“నలుచదరం తియ్యి.
మూలమట్టం ఆనించి కిటికీ కేసి ఎత్తు.
సందులో ఎలుతురు కనిపిస్తే
పని అవ్వనట్టే.”

పదకొండు రోజులు రాకాను.
అరచేతుల బొబ్బలు చూసి
అమ్మ తన మొదటి జీతం నెల చెప్పింది,
మొదటిసారి.
పన్నెండో నాటి సాయంత్రం
వెలుతురు ఆగింది.

సైన్ బార్ కింద
స్లిప్ గేజీలు ఒకటొకటిగా పేర్చి
“ఈ ఎత్తుని ఈ పొడవుతో భాగించు” అన్నారు ఓ రోజు.
అంతేనా?
రెండేళ్లు భయపెట్టిన సైన్ తీటా
నూనె మరకల బల్ల మీద
పడుకుని ఉంది, చల్లగా,
ముట్టుకుంటే కదిలేలా.

డిప్లొమాకి వెళ్లాలంటే బ్రిడ్జి కోర్సన్నారు.
పేరు బాగుంది.
చంపావతి మీద వంతెనలా ఉంటుందనుకున్నాను.
షెడ్డులో అయిదు నుంచి ఏడు దాకా,
కరెంటుంటే.
మాస్టారు వెనక బెంచీలో కూర్చుని
మాతో పాటు రాసుకునేవారు.
ఆయన చదువు ఐటీఐ దగ్గరే ఆగిందని
రిటైరైన రోజున తెలిసింది.

ఇప్పుడు మెషిన్ డ్రాయింగు క్లాసులో
వాల్వుని మధ్యకి కోస్తే లోపలెలా ఉంటుందో
కాగితం తిప్పి తిప్పి వెతుకుతున్నారు.
నేను కళ్లు మూసుకుంటాను.
విప్పి, గ్రీజు తుడిచి, మళ్లీ బిగించిన వాల్వు
వేళ్లకి గుర్తుంది.

గురువారం లాప్లాస్ వచ్చాడు.
వేళ్లకి అతనెవరో తెలీదు.
పేజీ మొత్తం ఎక్కించుకుని
ఒక్క ముక్క అర్థంకాక
హాస్టల్ మేడమీద ఏడ్చాను.
ఇదీ రాయాలి.

పక్క సీటు కుర్రాడు
నాకంటే నాలుగేళ్లు చిన్న.
“అక్కా, నీ ర్యాంకెంత?”
“ఏ పరీక్షలో?” అన్నాను.
ఒకటి కాదని వాడికి తెలీదు.

ఇరవై ఇద్దరు ఫిట్టర్లం మేము.
అందరూ ఇక్కడికి రావాలనేం కాదు.
షిప్‌యార్డులో వెల్డింగుకి మళ్లిన తవిటమ్మ
ఈ నాలుగు గోడలకి నవ్వుతుంది, నవ్వనీ.
కానీ గురుమూర్తి రావాలనుకున్నాడు.
నాకంటే నునుపు వాడి పని.
ఆరు సీట్లు నిండాక
ఏడోవాడు.
పైడిభీమవరంలో రాత్రి షిఫ్టు, కాంట్రాక్టు.
ఫోన్ చేస్తే మిషన్ల చప్పుడు ముందొస్తుంది
వాడి గొంతు తర్వాత.

మూలమట్టం నా సంచీలోనే ఉంది.
హాజరు పిలిచిన ప్రతిసారీ
అరవైకీ మాకూ మధ్య
ఆ గీత మీద ఆనించి
కిటికీ కేసి ఎత్తుతాను మనసులో.

మాస్టారూ,
వెలుతురు కనిపిస్తూనే ఉంది.